ఉద్యోగం మానేసి కరాటే స్కూల్ పెట్టొచ్చా? 14 ఏళ్లు నడిపినవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇది: సెకండ్ డాన్ (బ్లాక్ బెల్ట్‌లో రెండో మెట్టు) ఉంది, ఎనిమిదేళ్లుగా మీ మాస్టర్ దగ్గర అసిస్టెంట్‌గా పిల్లల బ్యాచ్ చూస్తున్నారు, ఉద్యోగం మానేసి సొంతంగా స్కూల్ పెట్టాలనుకుంటున్నారు, ఎంతమంది స్టూడెంట్లు ఉంటే నిలబడుతుంది అని.

నేను 14 ఏళ్లుగా కరాటే స్కూల్ నడుపుతున్నాను. మొదటి మూడేళ్లు మాత్రం నడపలేదు, ఈడ్చాను. అప్పట్లో నేనూ కనిపించిన ప్రతి మాస్టర్‌నీ ఇదే ప్రశ్న అడిగాను. ఒకాయన 50 అన్నాడు, ఇంకొకాయన 150 అన్నాడు. మా దగ్గర 80 మంది ఉన్న నెలలో కూడా అద్దె కట్టడానికి అప్పు చేశాక, లెక్క ఎక్కడో తప్పుతోందని అర్థమైంది.

ముందు ఉద్యోగం సంగతి. ఇప్పుడే మానేయకండి. జూడోకి మూలపురుషుడైన జపాన్ మాస్టర్ కనో జిగోరో 1882లో దాన్ని నేర్పడానికి కోడోకాన్ అనే స్కూల్ మొదలుపెట్టినప్పుడు, ఒక గుడిలో 12 తతామి చాపలు పరిచేంత చోటు, మొదటి ఏడాది 9 మంది శిష్యులు. అదే సమయంలో ఆయన గకుషూయిన్ అనే విద్యాసంస్థలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో ఉన్నాడు. నేను మాత్రం బోర్డు పెట్టిన నెలలోనే ఉద్యోగం వదిలేశాను. దాంతో ఏమైందంటే, నెలాఖరు దగ్గరపడేకొద్దీ 'వద్దు' అనే మాట నోట్లోంచి రాలేదు. ఎవరినో కొట్టడానికే నేర్చుకోవాలనుకుంటున్నానని మొహం మీదే చెప్పిన ఒకతన్ని కూడా చేర్చుకున్నాను, మూడు నెలల ఫీజు ఒకేసారి ఇస్తానన్నాడని. రెండో నెలలో స్పారింగ్‌లో, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే ప్రాక్టీస్‌లో, ఇంకా కింది మెట్టులోనే ఉన్న ఒక ఎల్లో బెల్ట్ కుర్రాడి పెదవి చిట్లగొట్టాడు. ఆ కుర్రాడు మానేశాడు, వాడి చెల్లెలు మానేసింది, వాళ్లతో కలిసి వచ్చే ఇంకో ఇద్దరూ మానేశారు. ఆ మూడు నెలల ఫీజు నాకు ఎంతకి పడిందో మీరే లెక్కేసుకోండి.

ఇక లెక్క. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, అటెండెన్స్ రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్న ఒక రాత్రి తెలిసింది. నెలకు 10 మంది కొత్తగా చేరుతున్నారనుకోండి. ఉన్నవాళ్లలో నూటికి 10 మంది ప్రతి నెలా మానేస్తున్నారనుకోండి. ఆ స్కూల్ ఎన్నేళ్లయినా 100 దాటదు. 100 మంది ఉన్నప్పుడు 10 మంది వస్తారు, 10 మంది పోతారు, అక్కడికి సరి. అదే మానేసేవాళ్లు నూటికి 5కి తగ్గితే, అవే అడ్మిషన్లతో, ఒక్క పాంప్లెట్ కూడా ఎక్కువ పంచకుండా, అదే స్కూల్ మెల్లగా 200 వైపు పెరుగుతుంది. నూటికి 5 అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ అదీ తక్కువేం కాదు. కొత్తవాళ్లు ఎవరూ చేరకపోతే ఏడాది తిరిగేసరికి 100 మందిలో 54 మందే మిగులుతారు.

అందుకే మిమ్మల్ని ఎవరైనా 'ఎంతమంది ఉన్నారు' అని అడిగితే చెప్పండి గానీ, మీకు మీరు మాత్రం 'ఈ నెల ఎంతమంది మానేశారు, ఎవరు, ఎందుకు' అని అడుగుతూ ఉండండి. నేను మూడేళ్లపాటు పాంప్లెట్లు, బ్యానర్లు, ఫ్రీ డెమోల మీద డబ్బు పోశాను. చిల్లు కుండకి నీళ్లు మోసినట్టే అయింది.

ఎంతమంది చాలు అన్నదానికి సూటి జవాబు కావాలంటే: అద్దె, కరెంటు, అసిస్టెంట్ల జీతం, మీ ఇంటి ఖర్చు అన్నీ కలిపి, ఒక స్టూడెంట్ నెల ఫీజుతో భాగించండి. వచ్చిన అంకెకి సగం మళ్లీ కలపండి. పరీక్షల నెలలు, సెలవుల నెలలు ఉంటాయి, ఆ రోజుల్లో మూడో వంతు పిల్లలు కనిపించరు. 40 వస్తే 60 అనుకోవాలి. ఆ అంకె దాటి ఏడాది గడిచాక ఉద్యోగం సంగతి ఆలోచించండి. చేతిలో ఆరు నెలల అద్దె విడిగా ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం, మానేయడం. 'మాస్టర్, నేను రేపటినుంచి రాను' అని చెప్పి మానేసినవాళ్లు ఈ 14 ఏళ్లలో చాలా తక్కువ. ఒక క్లాస్ పోతుంది. రెండోది పోతుంది. మూడోసారికి వాడికి సిగ్గు మొదలవుతుంది, కొత్త కాటా (ఒక వరసలో చేసే కదలికలు) అందరికీ వచ్చేసి ఉంటుంది, నేను వెళ్తే వెనక నిలబడాలి అని. ఆ సిగ్గు పుట్టకముందే మనం ఫోన్ చేయాలి. మా దగ్గర నియమం ఏమిటంటే, వరసగా రెండు క్లాసులు రాకపోతే ఆ రోజు రాత్రే ఫోన్. ఆ ఫోన్‌లో ఫీజు మాట ఎత్తకూడదు. ఎత్తారా, అది వసూలు ఫోన్ అయిపోతుంది. 'ఒంట్లో బాగుందా? ఈ శుక్రవారం పది నిమిషాలు ముందు రా, పోయిన స్టెప్పులు నేను చూపిస్తా' అంతే. ఈ ఒక్క అలవాటు నాకు చేసిన మేలు ఏ బ్యానరూ చేయలేదు.

ఎక్కడ మానేస్తారో కూడా కనిపెట్టండి. మా రిజిస్టర్‌లో మూడు చోట్ల కనిపించింది. మొదటి నెలలో, వచ్చినవాడికి పక్కవాడి పేరు కూడా తెలియనప్పుడు. మొదటి బెల్ట్ చేతికొచ్చాక, 'సాధించాంగా' అనిపించినప్పుడు. మూడోది నన్ను చాలాకాలం బాధపెట్టింది: స్పారింగ్ మొదలయ్యే చోటు. అప్పటిదాకా నవ్వుతూ వచ్చిన పిల్లలు ఆ వారం నుంచి కడుపునొప్పి అంటారు. పెద్దవాళ్లయితే ఆఫీసులో పని అంటారు. అది భయం. దాన్ని బయటికి చెప్పరు. మా తరంలో మాస్టర్లు ఆ భయాన్ని దెబ్బలతో పోగొట్టాలనుకునేవాళ్లు, నేనూ అలాగే నేర్చుకున్నాను, అలాగే నేర్పాను. పోయేది భయం కాదు, స్టూడెంట్. ఇప్పుడు మొదటి రెండు నెలలు ఒకరు కొట్టడం మాత్రమే, ఇంకొకరు తప్పుకోవడం, అడ్డుకోవడం మాత్రమే. అదీ కొట్టేది ఏదో ముందే చెప్పి. జత కట్టేది ఎప్పుడూ సీనియర్‌తోనే. తనకంటే తక్కువవాడితో వాడి స్థాయికి దిగి ఆడలేని సీనియర్‌కి మా దగ్గర తర్వాతి గ్రేడింగ్, అంటే బెల్ట్ టెస్ట్, ఉండదు. ఈ నియమం పెట్టినప్పుడు ఇద్దరు బ్రౌన్ బెల్టులు అలిగి వెళ్లిపోయారు. పోనివ్వండి అనుకున్నాను.

తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగినట్టో, మబ్బుగా ఉన్నట్టో అంటే ఆ రోజుకి ఆట అక్కడితో ఆపాలి, 'బానే ఉన్నా మాస్టర్' అన్నా సరే. డాక్టర్ చూసి సరే అన్నాకే మళ్లీ మ్యాట్ ఎక్కాలి. పిల్లల బ్యాచ్‌లో ఏ పెద్దమనిషీ, మీరైనా సరే, మూసిన గదిలో ఒక్క పిల్లవాడితో ఉండకూడదు. ఈ రెండూ మొదటి రోజునుంచే రాసి గోడమీద పెట్టండి.

బెల్టుల దగ్గరకి వద్దాం. డబ్బుకి కొదవ వచ్చినప్పుడు మాస్టర్ కళ్లు మొదట పడేది గ్రేడింగ్ ఫీజు మీదే. ఏడాదికి రెండు టెస్టులు నాలుగవుతాయి. బెల్టుల మధ్య చారలు పుట్టుకొస్తాయి. ఈ డాన్ పద్ధతి కనో 1883లో ఇద్దరు శిష్యులకి ఇవ్వడంతో మొదలైంది. 1924లో కరాటే మాస్టర్ ఫునకోషి గిచిన్ దాన్ని కరాటేలోకి తెచ్చాడు. రంగుల బెల్టులు ఎక్కువయింది జూడో యూరప్‌కి వెళ్లాకే. అంటే రంగులు పెట్టడంలో తప్పులేదు, కొత్తవాడికి దగ్గరలో ఒక మెట్టు కనిపించాలి, నేనూ పెట్టుకున్నాను. తప్పు ఎక్కడంటే, రానివాడిని పాస్ చేయడంలో.

నేను చేశాను. ఒక తండ్రి బాగా ఒత్తిడి పెట్టాడు, అన్నకి బ్లూ బెల్ట్ వచ్చి తమ్ముడికి రాకపోతే ఇంట్లో గొడవ అని. తమ్ముడికి కాటా సగమే వచ్చు. ఇచ్చేశాను. మర్నాటి క్లాసులో ఎవరూ ఏమీ అనలేదు. కానీ పిల్లలకి తెలుసు, ఎవడికి ఏ కాటా ఎంతవరకు వచ్చో మనకంటే వాళ్లకే బాగా తెలుసు. నెల తిరగకుండా కష్టపడి తెచ్చుకున్న పిల్లలే ప్రాక్టీస్‌లో చేతులు వదులుగా వేయడం మొదలుపెట్టారు. ఆ తమ్ముడికైతే ఇంకా నరకం, బ్లూ బెల్ట్ కట్టుకుని ఎల్లో బెల్టు ముందు తడబడేవాడు. రెండు నెలల్లో మానేశాడు. ఇప్పుడు సిద్ధంగా లేనివాడిని టెస్టుకే పిలవను. అందరి ముందు ఫెయిలైతే అది వాడి తప్పు కాదు, పిలిచిన నాది. పిలవనివాళ్ల అమ్మానాన్నలకి ముందే ఫోన్ చేసి, ఏ రెండు విషయాలు రావాలో, ఎన్ని వారాలు పట్టొచ్చో చెబుతాను. కోపం వస్తుంది కొందరికి. వాళ్లలో చాలామంది ఇంకా వస్తూనే ఉన్నారు.

ఇంకో చిన్న మాట, ఒలింపిక్స్ పేరు చెప్పి అడ్మిషన్లు చేయకండి. కరాటే ఒక్కసారే, 2021లో జరిగిన టోక్యో గేమ్స్‌లో ఉంది, 2024 పారిస్‌లో లేదు. టైక్వాండో 2000 నుంచి ఉంది, అదీ వేలలో ఒకరికి. పిల్లవాడు నిటారుగా నిలబడి కళ్లలోకి చూసి మాట్లాడితే చాలు, అమ్మానాన్నలే పదిమందికి చెబుతారు.

ఫీజు మొదటి వారంలోనే, అందరికీ ఒకే తేదీ. తీసుకునేది మీరు కాకుండా ఇంకెవరైనా అయితే మంచిది. చేతిలో కిక్ ప్యాడ్ పట్టుకుని 'ఫీజు తెచ్చావా' అని అడగడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఏడాది ఫీజు ముందే కట్టించుకుని వెనక్కి ఇవ్వం అనే పద్ధతి కూడా వద్దు. అలా కట్టినవాడు మానేసినా మీకు తెలియదు, డబ్బు వచ్చేసింది కదా, రిజిస్టర్ చూడబుద్ధి కాదు.

చివరగా అసిస్టెంట్లు. ఇది మీకే ఎక్కువ పనికొస్తుంది. ఆరో ఏట నా దగ్గర మొదటినుంచి ఉన్న అసిస్టెంట్ ఒక సోమవారం రాలేదు. బుధవారానికి తెలిసింది, దగ్గర్లోనే సొంత స్కూల్ తెరిచాడని, మా సాయంత్రం బ్యాచ్‌లో 30 మంది అక్కడ ఉన్నారని. ఆ ఏడాదంతా వాణ్ని తిట్టుకున్నాను. ద్రోహం అన్నాను, గురువుకి పంగనామం పెట్టాడన్నాను. కోపం చల్లారాక పాత లెక్కలు తీసి చూస్తే, ఐదేళ్లు వారానికి నాలుగు రోజులు ఆ బ్యాచ్ మొత్తం వాడే చూసుకున్నాడు. నేను ఇచ్చింది ఫీజు మాఫీ, పండక్కి ఒక డ్రెస్. గురుసేవ అని పేరు పెట్టి జీతం ఎగ్గొట్టాను, మాట అదే. ఆ 30 మందికి మాస్టర్ నేను కాదు, వాడే.

ఇప్పుడు నా దగ్గర ఉన్న ముగ్గురికీ నెల జీతం ఉంది. తమ బ్యాచ్‌లో పిల్లలు నిలబడితే దాని మీద వాటా ఉంది. ఎవరికి ఏం బాధ్యతో కాగితం మీద ఉంది. వారంలో ఒక క్లాస్ నేను వాళ్లకి మాత్రమే నేర్పుతాను, ఎందుకంటే నేర్పుతూ నేర్పుతూ నేర్చుకోవడం ఆగిపోయినవాడే ముందు విసిగిపోతాడు. నాకూ అలాగే జరిగింది, రెండేళ్లు నేను ఒక్క కాటా కూడా నా కోసం చేయలేదు. సొంత స్కూల్ పెట్టుకోవాలని ఉంటే ఆరు నెలల ముందు చెప్పమన్నాను. ఒకమ్మాయి చెప్పింది. హాల్ చూడడానికి నేనే తోడు వెళ్లాను. దూరంగా ఉండే ఆరుగురు పిల్లల్ని, వాళ్లకి దారి దగ్గరవుతుందని, నేనే ఆమె దగ్గరకి పంపాను.

మీరు ఇప్పుడు ఆ అసిస్టెంట్ ఉన్న చోట ఉన్నారు. ఎనిమిదేళ్లు పిల్లల బ్యాచ్ చూశారంటే ఆ పిల్లలు మీ వెనక రావడానికి సిద్ధంగానే ఉండి ఉంటారు. వాళ్లని లెక్కలో వేసుకుని 'మొదటి నెలే 30 మంది' అనుకుంటున్నారేమో, వేసుకోకండి. బోర్డు రాయించకముందు మీ మాస్టర్ దగ్గరకి వెళ్లి కూర్చుని చెప్పండి. కోప్పడితే కోప్పడనివ్వండి. ఆ తర్వాత వారానికి రెండు సాయంత్రాలు గంటల లెక్కన ఒక హాల్ తీసుకుని, మీకు ఇంకా పేర్లు కూడా తెలియని పదిమందితో మొదలుపెట్టండి. నా దగ్గర నుంచి వెళ్లినవాడు ముందే వచ్చి చెప్పి ఉంటే మొదట తిట్టేవాణ్నే, కానీ వాడి స్కూల్ తెరిచిన రోజు వెళ్లి ముందు వరసలో నిలబడేవాణ్ని.