రిపేరు అంగడికి ట్రేడింగ్ కోడ్: మార్చుకోవాలా, వద్దా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో పదకొండేళ్లుగా ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఏసీలు రిపేరు చేసే అంగడి నడుపుతున్నాను. చంద్రగిరి, పాకాల వైపు నుంచి బోరు మోటార్లు కూడా వైండింగుకు వస్తాయి. ఏడాది రాబడి 17 లక్షలు. అందులో కౌంటరు మీద విడిగా అమ్మే స్పేర్ పార్టులు లక్షన్నరకు మించవు. మూడేళ్ల కిందట ఒక ఇంటర్నెట్ సెంటరులో 1,500 రూపాయలు ఇచ్చి చిన్న సంస్థగా నమోదైనట్టు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ తీయించాను. ఇప్పుడు 4 లక్షల రుణానికి వెళితే, ‘మీది ట్రేడింగ్ అని ఉంది కదా’ అని మేనేజరు అడిగారు. కోడ్ మార్చుకోవాలా? మారిస్తే జీఎస్టీ మీద పడుతుందా? ఒక లాడ్జి ఏసీల నిర్వహణ కాంట్రాక్టు కింద 1,40,000 రూపాయలు అయిదు నెలలుగా ఇవ్వలేదు. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: సంబంధం ఉంది. మీరు చివర్లో అడిగిన ఆ ప్రశ్నే నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో వాడేది 2008 నాటి జాతీయ పారిశ్రామిక వర్గీకరణ, అంటే ఏ పనికి ఏ అంకె అని చెప్పే ఎన్ఐసీ కోడ్. దానికి ముందున్న 2004 వర్గీకరణలో ఇంటి సామాన్ల రిపేరును చిల్లర వర్తకంతో కలిపి 52వ విభాగంలో ఉంచారు. 2008లో దాన్ని అక్కడి నుంచి తీసి, సేవల కింద 95వ విభాగంగా వేరు చేశారు. మోటారు వాహనాల రిపేరు మాత్రం 2008 వర్గీకరణలోనూ వర్తకంతో పాటు 45వ విభాగంలోనే ఉంది. అందువల్ల రిపేరు అంటే దుకాణం, దుకాణం అంటే ట్రేడింగ్ అనుకుని ఫారం నింపేసేవారు చాలామంది కనిపిస్తారు. మీ విషయంలోనూ అదే జరిగినట్టుంది. అన్నట్టు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు. మార్పులకు కూడా అంతే.

ఈ పొరపాటు వల్ల కలిగే నష్టం ఇది. చిల్లర, టోకు వర్తకులకు 2021 జూలై 2 నుంచి ఉద్యమ్‌లో చోటు ఇచ్చారు గానీ, వారికి దక్కే ప్రయోజనాన్ని బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే పరిమితం చేశారు. కాబట్టి ట్రేడింగ్ అని ఉన్నంత మాత్రాన మీ రుణం ఆగాల్సిన పని లేదు. 5 లక్షల వరకు ఉన్న ముద్రా ‘కిశోర్’ రుణం వర్తకులకూ ఇస్తారు. మీరు పోగొట్టుకుంటున్నది బాకీ వసూలు చేసుకునే బలం. సూక్ష్మ, చిన్న సంస్థ అందించిన సేవకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసుకున్న గడువులో, ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం చెబుతోంది. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ లెక్కన ఇవ్వాల్సి ఉంటుంది. దీనికి తోడు, అలా గడువు దాటించి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగానూ చెల్లించని బిల్లును లెక్కల పుస్తకాలు రాసే యజమాని తన ఆదాయపు పన్నులో ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేకుండా 2024 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 43బి(హెచ్) నిబంధన అడ్డుపడింది. ట్రేడింగ్ అని ముద్ర పడిన సంస్థ ఈ రెండింటినీ పట్టుకుని అడిగే వీలు లేదు.

ఇక మీకు తగిన కోడ్ ఏదంటే, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గదిలో బిగించే ఏసీల రిపేరు 9522 కిందికి వస్తుంది. ఇదే మీ ప్రధాన కోడ్ కావాలి, ఎందుకంటే మీ రాబడిలో పెద్ద వాటా ఈ పని నుంచే వస్తున్నట్టు మీ లెక్క చెబుతోంది. కొత్త ఏసీ బిగించడం, భవనం మొత్తానికి ఉండే సెంట్రల్ ఏసీ చూడటం 4322 అవుతుంది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలలో ఉండే పెద్ద శీతల యంత్రాల పని ఎప్పుడైనా దొరికితే అది 3312. బోరు మోటారు సంగతి కొంచెం విచిత్రంగా ఉంటుంది. బోరులోంచి పైకి తీసిన సబ్‌మెర్సిబుల్ సెట్టును మీ బల్ల మీద విప్పితే, కాలిపోయిన రాగి తీగ తీసి కొత్తగా చుట్టే వైండింగు పని 3314లోకి, పైనున్న పంపులో అరిగిన ఇంపెల్లర్లు (నీటిని తోసే చక్రాలు) మార్చే పని 3312లోకి వెళతాయి. రైతుకు ఒకే బిల్లు, వర్గీకరణలో మాత్రం రెండు అంకెలు. మీకు వచ్చేది ఎక్కువగా వైండింగే కాబట్టి 3314 ఒక్కటి అదనంగా చేర్చుకుంటే సరిపోతుంది. ఈ 33వ విభాగం తయారీ రంగంలో భాగంగా ఉంటుంది కనుక ఆ జాబితాలో వెతకండి. సేవల జాబితాలో దొరకలేదని కంగారు పడవద్దు. దొరికిన కోడ్‌లన్నీ చేర్చుకునే అలవాటు మంచిది కాదు, రేపు బ్యాంకు పరిశీలనకు వచ్చినప్పుడు చేయని పనికి ఆధారం చూపలేరు.

జీఎస్టీ భయం అక్కర్లేదు. ఎన్ఐసీ కోడ్‌ను బట్టి జీఎస్టీ రాదు, రాబడిని బట్టి వస్తుంది. మన రాష్ట్రంలో 40 లక్షల పరిమితి సరుకులు మాత్రమే అమ్మేవారికి. సేవలున్న మీకు కూలి, పార్టులు అన్నీ కలిపి 20 లక్షలే హద్దు. 17 లక్షల దగ్గర ఉన్న మీరు వచ్చే రెండు వేసవుల్లో దాన్ని దాటే అవకాశం ఉంది. దాటాక మీ బిల్లు మీద ఉండాల్సింది జీఎస్టీకి సంబంధించిన 9987 అనే వేరే కోడ్, సాధారణంగా పన్ను 18 శాతం. ఏడాదికి 50 లక్షల లోపు వారికి రాబడి మీద 6 శాతం కట్టే కాంపోజిషన్ పద్ధతి కూడా ఉంది, కానీ అందులో గిరాకీ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, మీ లాభంలోంచే కట్టాలి. మీ గిరాకీలో ఎక్కువ మంది ఇళ్లవారే కాబట్టి అప్పుడు ఈ పద్ధతిని తప్పక లెక్కవేసి చూడండి.

ఈ వారమే ఉద్యమ్ పోర్టల్‌లో ఓటీపీతో లోపలికి వెళ్లి, ప్రధాన కార్యకలాపాన్ని సేవలుగా మార్చండి. కొత్త సర్టిఫికెట్ ప్రతిని బ్యాంకుకు ఇవ్వండి. ఈ మార్పు పాత బిల్లులకు వెనక్కు వర్తిస్తుందని నమ్ముకుని కూర్చోవద్దు. లాడ్జి యజమానికి బిల్లుల తేదీలతో రాతపూర్వకంగా ఉత్తరం ఇచ్చి, కనీసం రెండు విడతలుగానైనా రాబట్టుకోండి. కాంట్రాక్టు పొడిగించేటప్పుడు మాత్రం 30 రోజుల గడువు ఒప్పందంలో రాయించి, ప్రతి బిల్లు పైన ఉద్యమ్ నంబరు వేయండి. అప్పటికీ ఇవ్వకపోతే, చిన్న సంస్థల బాకీల ఫిర్యాదుల కోసం కేంద్రం నడిపే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

రుణం గురించి ఒక్క మాట. వాక్యూమ్ పంపు, గ్యాస్ రికవరీ యంత్రం, వైండింగు మెషీను లాంటివి కొనడానికైతే వాయిదాల్లో తీర్చే టర్మ్ లోన్ తీసుకోండి. పార్టుల నిల్వకూ కూలీలకూ అయితే, 1,40,000 లాడ్జి దగ్గర వదిలిపెట్టి 4 లక్షలకు వడ్డీ కట్టడం నాకు సమ్మతం కాదు. ఆ డబ్బు చేతికి వచ్చాక ఎంత తగ్గుతుందో చూసి, ఆ మేరకే దరఖాస్తు చేయండి.