బాలి మెట్ల పొలాల్లో నీళ్ళ వాటా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: ఇండోనేషియాలో జతిలువి అనే పల్లె పొలాలు టీవీలో చూపించారు. మా పుట్టాసింగి వైపు సవరలు కట్టుకున్న మెట్ల పొలాల్లాగే ఉన్నాయి. పైనున్నవాడు గెడ్డకి అడ్డం కట్టేసి నీళ్ళన్నీ తిప్పేసుకుంటే అక్కడ కిందివాడి గతేమిటి?
— ఒక రైతు, గుణుపురం

జ: పొలాల పోలిక నిజమే. సవరల గట్లకి రాతి కట్టుబడి ఉంటుంది, జతిలువిలో అగ్నిపర్వతపు మట్టితోనే గట్లు వేస్తారు. ఈ ఊరు బాలి దీవిలోని తబనాన్ జిల్లాలో ఉంది. 2,276 మీటర్ల బతుకారు కొండకి దక్షిణపు వాలులో, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. మళ్ళు సుమారు 750 ఎకరాలు.

నీళ్ళ పెత్తనం ఊరి పాలకవర్గానిది కాదు, సుబక్ అనే రైతు సంఘానిది. ఒక కాలువ కింద మడి ఉన్నవాళ్ళంతా, ఏ ఊరివాళ్ళయినా సరే, ఒకే సుబక్. రెండు కాలువల కింద పొలముంటే రెండింట్లోనూ సభ్యత్వం ఉంటుంది. సంఘం పెద్దని పెకసే అంటారు. కాలువ పూడిక తియ్యడానికి రానివాడు ఎంత కట్టాలో, నీళ్ళు దొంగిలిస్తే జరిమానా ఎంతో వాళ్ళ కట్టుబాట్లలో రాసే ఉంటుంది.

ఇక మీరడిగిన అసలు సంగతి. పైవాడికి నీళ్ళ బెంగ లేదు, పురుగు బెంగ ఉంది. కిందివాళ్ళు తమకి తోచినప్పుడు ఉభాలు వేస్తే ఏదో ఒక మడిలో ఎప్పుడూ పచ్చని పైరు ఉంటుంది. సుడిదోమ, ఎలుకలు అక్కడ పెరిగి పైకి ఎగబాకుతాయి. అందరూ ఒకేసారి ఊడ్చి ఒకేసారి కోసేస్తే కొన్ని వారాలపాటు ఆ వాలు మొత్తంలో వాటికి తిండి దొరకదు. కిందివాళ్ళు తనతోపాటు ఊడ్చాలంటే పైవాడు వాళ్ళకి నీళ్ళు వదలాల్సిందే. కాబట్టి అక్కడి సర్దుబాటుని మంచితనం ఖాతాలో వెయ్యకండి, అది ఇచ్చిపుచ్చుకోవడం.

ప్ర: ఊడ్పుల తేదీ గుళ్ళో తేలుస్తారట. ఈ కాలంలో కూడా ఇదేం చాదస్తం?
— సైన్సు ఉపాధ్యాయిని, బరంపురం

జ: ఇండోనేషియా ప్రభుత్వం కూడా 1970లలో అలాగే అనుకుంది, టీచరు గారూ. పొట్టి రకాలు ఇచ్చి, వీలైనన్నిసార్లు పండించమని, గుడి లెక్కలు పట్టించుకోవద్దని రైతులకి చెప్పింది. మొదట్లో దిగుబడి పెరిగింది. పొలాలకి విరామం పోయేసరికి సుడిదోమ విరుచుకుపడింది. దాన్ని తట్టుకుంటుందని ఐఆర్ 36 అనే వరి రకం తెస్తే, పచ్చదీపపు పురుగు మోసుకొచ్చే తుంగ్రో వైరస్ దాన్ని పట్టుకుంది. మందు కొట్టినకొద్దీ దోమని తినే సాలీళ్ళూ చచ్చాయి, దోమ ఇంకా పెరిగింది. చివరికి 1986లో అధ్యక్షుడి ఉత్తర్వుతో 57 రకాల పురుగుమందుల్ని వరిపై వాడకుండా నిషేధించారు.

గుడిలో జరిగేది పూజ ఒక్కటే కాదు. ఒకే వనరు కింది సుబక్‌లన్నీ అక్కడ చేరి ఎవరు ముందు దమ్ము పట్టాలో, ఎవరు రెండు వారాలు ఆగాలో మాట్లాడుకుంటాయి. అందరూ ఒకేరోజు మొదలుపెడితే నీళ్ళు చాలవు, ఎవరికి వారే అయితే పురుగు ఆగదు. బాలిలోని ఊస్, పెతాను నదుల మధ్యనున్న 172 సుబక్‌లని స్టీఫెన్ లాన్సింగ్, జేమ్స్ క్రెమర్ అనే పరిశోధకులు కంప్యూటర్ నమూనాగా కట్టి చూశారు. ఆ లెక్కలు 1993లో అచ్చయ్యాయి. గుళ్ళవారీగా గుంపులు కట్టి ఊడ్చినప్పుడే దిగుబడి బాగా వచ్చింది. 2012లో యునెస్కో ఈ సుబక్ పొలాల్ని, నీటి గుళ్ళని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మీ పిల్లలకి ఆవరణ వ్యవస్థ పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ కష్టం.

ప్ర: వాళ్ళు గంట్లు పెట్టిన కొయ్యమొద్దుతో నీళ్ళు పంచుతారని విన్నాను. మా పిల్లకాలువ మీద మేం ముగ్గురం అలా చేసుకోవచ్చా?
— పర్లాకిమిడి దగ్గరి రైతు

జ: చేసుకోవచ్చు. దాన్ని తెంబుకు అంటారు. నీటిలో నానినా చివకని గట్టి దుంగ కావాలి. మీ ముగ్గురికీ పన్నెండు, ఆరు, మూడు ఎకరాలు ఉన్నాయనుకుందాం. గంట్ల వెడల్పు 24, 12, 6 అంగుళాలు పెట్టండి. లోతు మూడింటికీ ఒకటే ఉండాలి. గంటు అడుగులన్నీ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో చూడండి. కంటి అంచనా పనికిరాదు, అర అంగుళం వాలినా నీళ్ళు పల్లంవాడికే ఎక్కువ పోతాయి.

దుంగకి ముందు కాలువ కనీసం పది అడుగులు తిన్నగా రావాలి. మలుపు దగ్గర పెడితే ఒరుసుకొచ్చే నీళ్ళు ఒక పక్క గంటులోకే దూరతాయి. దుంగ దాటాక అరడుగు కిందికి పడాలి. ఆ పడుడు లేకపోతే కిందికాలువ నీళ్ళు వెనక్కి తన్ని వాటా తప్పుతుంది. అంచుల దగ్గర నీటి ధార కొంచెం నొక్కుకుపోతుంది, కాబట్టి సన్నగంటువాడికి ఎంతో కొంత తక్కువే వస్తుంది. ఆరంగుళాలకన్నా సన్నం చెయ్యకండి, ఆ గంటుకి పావంగుళం కలిపినా తప్పులేదు.

ఎక్కువగా చెడేది రెండు చోట్ల. వానలప్పుడు దుంగ ముందు ఒండ్రు మేట వేసి ఒక గంటుని మూసేస్తుంది, వారానికోసారి తియ్యాలి. దుంగ కింద ఊట పడితే వాటాలన్నీ కొట్టుకుపోతాయి, బంకమట్టి, రాళ్ళు దట్టించి కుక్కండి. దీంతో ఒక సుఖముంది. రాత్రి ఎవరైనా రాయి అడ్డం పెడితే తెల్లారేసరికి అందరికీ కనపడుతుంది, తలుపు మదుముకైతే ఎంత ఎత్తారో ఎవరికీ తెలియదు. పని మొదలెట్టే ముందు వాటాలు మీ పాణి పంచాయతీ (నీటి వాడకందారుల సంఘం) సమావేశంలో రాయించుకోండి. ఒడిశాలో 2002 చట్టం ఆ సంఘాలకి గుర్తింపునిచ్చింది.

ప్ర: కార్తీక పున్నమికి మనం వదిలే పడవలు నిజంగా బాలికి పోయిన ఓడల గుర్తేనా?
— బరంపురం

జ: ఒడిశాలో అనాదిగా అలాగే చెప్పుకుంటారు. గాలి లెక్క కూడా సరిపోతుంది, ఆ రోజుల్లో ఈశాన్య రుతుపవనం అందుకునే ఓడలు కదిలేవి. బాలి ఉత్తర తీరాన సెంబిరాన్ దగ్గర తవ్వకాల్లో భారతదేశపు పాతకాలపు కుండపెంకులు దొరికాయి. వర్తకం నడిచిందనడానికి అవి చాలు, ప్రతి ఓడా కళింగం నుంచే పోయిందనడానికి చాలవు.

ప్ర: జతిలువి చూసి రావాలనుంది. మేం శాకాహారులం. అక్కడి ఎర్ర వడ్లు విత్తనానికి తెచ్చుకోవచ్చా?
— విశ్రాంత ఉద్యోగి, రాయగడ

జ: దేన్‌పసార్ విమానాశ్రయంలో దిగాక కారులో దాదాపు రెండు గంటలు. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. దిగాక ఇచ్చే 30 రోజుల వీసాకి 5 లక్షల రుపియాలు, 2024 ఫిబ్రవరి నుంచి పర్యాటక రుసుము మరో లక్షన్నర. అక్కడి కరెన్సీ లెండి, సున్నాలు చూసి గాభరా పడకండి. మార్చి ప్రాంతంలో న్యెపి అనే మౌనదినం వస్తుంది, ఆ 24 గంటలూ విమానాశ్రయం మూసేస్తారు. టిక్కెట్టు కొనేముందు ఆ తేదీ చూసుకోండి.

తిండి దగ్గర మోసపోయేది మాంసంతో కాదు, తెరాసితో. అది రొయ్యల ముద్ద, సంబల్ పచ్చడిలో కంటికి కనపడకుండా కలిసిపోతుంది. గాడో-గాడో అనే ఉడికించిన కూరగాయల వంటకంలో పోసే వేరుసెనగ పులుసులోనూ ఉండొచ్చు. "తన్‌పా తెరాసి" (తెరాసి లేకుండా) అని ముందే చెప్పండి. తెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), తాహు (సోయా పాల పనీరు) నిశ్చింతగా తినొచ్చు, కాకపోతే వేయించిన నూనె ఏదో అడగండి.

విత్తనం మాత్రం వద్దు. దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా వడ్లు తెస్తే మన క్వారంటైన్ వాళ్ళు పట్టుకుంటారు. పైగా అది ఐదారు నెలలు మడిలో ఉండే పొడుగు రకం, మన పొట్టి వరి అలవాటున్నవాళ్ళకి ఓపిక చాలదు. పొడుగు దేశీ వరే కావాలంటే మీ పక్కనే కోరాపుట్‌లో కాలాజీరా ఉంది. జతిలువి అంగళ్ళలో ఎర్ర బియ్యం వేయించి టీ పొడిలా అమ్ముతారు, రుచి చూడాలనుంటే అక్కడే ఒక కప్పు తాగి రండి.