పదాలు తెలిసినా వాక్యం తలకిందులవడం గురించి

మాస్టారూ, "ఎలుగుబంటిని కుక్క తరిమింది" అని చదివితే, మీ సోంపేట బడిలో మూడో తరగతి పిల్లలు ఎలుగుబంటే తరిమిందని చెబుతున్నారని రాశారు. అది అశ్రద్ధ కాదు. వాక్యం పూర్తయ్యేదాకా ఆగకుండా, మెదడు విన్న ప్రతి పదానికీ అప్పటికప్పుడే ఒక పాత్రను అంటగడుతుంది. మొదట వినబడ్డ ప్రాణినే కర్తగా ఊహించడం దానికి సులువు, పైగా ఎలుగుబంట్లు తిరిగే మీ ఉద్దానం ప్రాంతపు పిల్లలకు తరిమేది ఎలుగే కదా! పెద్దవాళ్లలో 'ని' విభక్తి ఆ ఊహను చాలావరకు సరిదిద్దుతుంది. వ్యాకరణం పొసగని పదం వినబడిన సుమారు 600 మిల్లీసెకన్లకు మెదడు విద్యుత్ తరంగాల్లో మార్పు కనిపిస్తుందని 1990ల నాటి ప్రయోగాలే చూపాయి. అంటే విన్నదాన్ని సరిచూసుకోవడానికి మెదడుకు కాస్త వ్యవధి కావాలి. కాబట్టి 'ఎలుగుబంటిని' అన్నప్పుడు చివరి అక్షరాన్ని ఒత్తి పలికి, ఆగి, "దేన్ని?" అని పిల్లల చేత చెప్పించి, ఆ తర్వాతే మిగతా వాక్యం చదవండి. "కుక్క ఎలుగుబంటిని తరిమింది" అన్న వరుసను కూడా వెంటనే వినిపించండి.