బండి ఉంది, మరి ఇంతసేపెందుకు? 108పై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

హైదరాబాద్ అంబులెన్సుల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ఫిర్యాదు. ఫోన్ వెంటనే ఎత్తారు, మర్యాదగానే మాట్లాడారు, బండి మాత్రం ఆలస్యంగా వచ్చింది. దాదాపు ఒకేలా ఉన్నవాటిని కలిపి, వేర్వేరు కోణాల్లో అడిగినవాటిని విడిగా ఇస్తున్నాం.

ప్రశ్న: మామయ్యగారికి గుండెలో నొప్పి అని 108కి చేస్తే, బండి పంపకుండా ప్రశ్నల మీద ప్రశ్నలు. ఆ నిమిషాలు వృథా కాదా? (గృహిణి, అత్తాపూర్)

ఫోన్ ఎత్తిన మనిషి, బండి కేటాయించే మనిషి సాధారణంగా వేర్వేరు. మీరు చెప్పే చోటు, సమస్య కంప్యూటర్‌లో ఎక్కగానే రెండో మనిషి దగ్గర్లో ఖాళీగా ఉన్న బండిని వెతుకుతారు. ఆ తర్వాతి ప్రశ్నలు బండిలో వచ్చేవాళ్ల కోసం. మనిషి స్పృహలో ఉన్నారా, ఊపిరి మామూలుగా తీస్తున్నారా, చెమటలు పడుతున్నాయా, షుగరుందా, ఇవన్నీ అన్నమాట. అందుకే ఫోన్ పెట్టేయకండి.

నిజంగా సమయం పోయేది అడ్రసు దగ్గర. ‘అత్తాపూర్’ అంటే సరిపోదు. మీ వైపు వాళ్లకి ఒక సౌకర్యం ఉంది. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే స్తంభాలకి నంబర్లున్నాయి, పిల్లర్ నంబరు చెబితే పైలట్ నేరుగా అక్కడికే వస్తారు (108లో డ్రైవర్‌ని పైలట్ అంటారు). మెట్రో పిల్లరైతే ముందున్న ఇంగ్లిష్ అక్షరంతో సహా చెప్పాలి. ‘గుడి పక్క సందు’ అంటే ఏ గుడి అని మళ్లీ అడగాల్సి వస్తుంది, అక్కడో నిమిషం పోతుంది.

ఇంకొకటి. బయలుదేరిన బండిలోంచి మీకు ఫోన్ వస్తుంది, అది 108 అని కనిపించదు, ఏదో మొబైల్ నంబరులా ఉంటుంది. తెలియని నంబర్లని దానంతటదే కట్ చేసే యాప్ మీ ఫోన్లో ఉంటే ఆ కాల్ మీదాకా రాదు. పైలట్ మెయిన్ రోడ్డు మీద ఆగి మీ నంబరుకి మళ్లీ మళ్లీ చేస్తూ ఉంటారు. ఆ కాసేపు యాప్ ఆపెయ్యండి, అదే ఫోన్‌తో బంధువులకి కాల్స్ చేయకండి.

ఈలోగా మనిషి స్పృహ తప్పి ఊపిరి ఆగిపోతే, లేదా ఎగశ్వాసలా అప్పుడప్పుడు మాత్రమే తీస్తుంటే, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కడం మొదలుపెట్టాలి. పరుపు మీద కాదు, గట్టి నేల మీద పడుకోబెట్టి. ఎలాగో లైన్లో ఉన్నవాళ్లని అడగండి, చెబుతారు.

ప్రశ్న: 2023 ఆగస్టులో నెక్లెస్ రోడ్డులో వందల కొత్త బండ్లు బారులు తీర్చి జెండా ఊపారు. అయినా ‘దగ్గర్లో ఖాళీ లేదు’ అంటారు. అసలు ఎన్ని ఉంటే సరిపోతాయి? (రిటైర్డ్ ఉద్యోగి, మల్కాజిగిరి)

ముందు ఆ లెక్క విడదీద్దాం. ఆ రోజు ప్రారంభించిన 466 వాహనాల్లో 108 అంబులెన్సులు 204. మిగతావి గర్భిణులకీ బాలింతలకీ ఉన్న ‘అమ్మ ఒడి’ బండ్లు (102 నంబరువి), పార్థివ వాహనాలు. 204 కూడా రాష్ట్రమంతటికీ, అందులోనూ అరిగిపోయిన పాత బండ్లని మార్చడానికి వచ్చినవి ఉంటాయి. ఫొటోలో బారు పొడుగ్గానే కనిపిస్తుంది మరి.

జాతీయ ఆరోగ్య మిషన్ కొలమానం ప్రకారం లక్ష జనాభాకి ఒక ప్రాథమిక స్థాయి అంబులెన్సు (బీఎల్ఎస్), 5 లక్షలకి ఒక ఉన్నత స్థాయిది (ఏఎల్ఎస్) ఉండాలి. 2011 జనగణనలో జీహెచ్ఎంసీ జనాభా 67 లక్షలు. అంటే 67 బీఎల్ఎస్‌లు, 13 ఏఎల్ఎస్‌లు. ఆ తర్వాత నగరం ఎంత పెరిగిందో మీకు మేం చెప్పక్కర్లేదు. పైగా ఈ కొలమానం మనిషి నిద్రపోయే చోటుని లెక్కపెడుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి హైటెక్ సిటీలో ఉన్నవాళ్లు రాత్రికి మియాపూర్‌లోనో ఉప్పల్‌లోనో ఉంటారు. గణేశ్ నిమజ్జనం రోజున ట్యాంక్‌బండ్ చుట్టూ చేరే జనం ఏ జనగణన లెక్కకీ దొరకరు.

అసలు చూడాల్సింది బండ్ల సంఖ్య కాదనేది మా అభిప్రాయం. ఒక బండి రోజంతా రోడ్డు మీద ఉండాలంటే ఎంతమంది కావాలో చూడండి. ఏడాదికి 8,760 గంటలు. వారానికో సెలవు చొప్పున 52 రోజులు, మిగతా సెలవులు, జబ్బు, ట్రైనింగ్ కలిపి ఇంకో 30 రోజులు తీసేస్తే ఒక మనిషి డ్యూటీకొచ్చేది 283 రోజులు. 12 గంటల షిఫ్టయితే 3,396 గంటలు. అంటే ఒక సీటుకి 2.58 మంది కావాలి. బండిలో సీట్లు రెండు, పైలటూ ఈఎంటీ (రోగిని చూసుకునే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్), కాబట్టి బండికి 5.16 మంది. చాలామంది ‘రెండు షిఫ్టులు, ఇద్దరేసి, మొత్తం నలుగురు’ అని అక్కడే ఆగిపోతారు. ఆ ఐదో మనిషే రిలీవర్, సెలవులో ఉన్నవాళ్ల బదులు వచ్చే మనిషి. రిలీవర్ లేని చోట ఒక ఈఎంటీకి జ్వరమొస్తే జరిగేవి రెండే. పగలు చేసిన మనిషే రాత్రీ కొనసాగాలి, లేదా బండి ఆగిపోవాలి. పైలట్ ఉన్నా, డీజిల్ ఉన్నా, ఈఎంటీ లేకపోతే అది అంబులెన్సు కాదు. కాగితం మీద మాత్రం ఆ బండి ఉన్నట్టే ఉంటుంది.

ప్రశ్న: 12 గంటల డ్యూటీ అమానుషం కదా, 8 గంటలు చేస్తే పోలేదా? (పారామెడికల్ విద్యార్థి, వరంగల్)

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సిబ్బంది ఏళ్లుగా అడుగుతున్నది అదే, న్యాయమైన కోరికే. పై లెక్కలోనే 12 తీసి 8 పెట్టండి. మనిషికి ఏడాదికి 2,264 గంటలే వస్తాయి, బండికి 7.74 మంది కావాలి. వంద బండ్లకి 516 మంది బదులు 774 మంది, అంటే అదనంగా 258 మంది. కొత్త నియామకాలు లేకుండా షిఫ్టు తగ్గిస్తే మూడో వంతు బండ్లు ఆగిపోతాయి. అందుకే ఈ విషయం ఎప్పుడూ వాయిదాల్లోనే నడుస్తుంది.

మీరు ఈ వృత్తిలోకి రావాలనుకుంటే ఇంకో సంగతి తెలుసుకోవాలి. మనుషులు మానేసేది ఒక్క పనిభారం వల్లే కాదు. నిర్వహణ కాంట్రాక్టు ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి మారినప్పుడల్లా పాత సర్వీసు లెక్కలోకి వస్తుందా రాదా అని భయం. పదేళ్లు చేసినా ఈఎంటీ ఈఎంటీగానే ఉండిపోతారు, పైమెట్టు కనబడదు. నర్సింగ్ చదివి వచ్చినవాళ్లు స్టాఫ్ నర్స్ నోటిఫికేషన్ పడగానే వెళ్లిపోతారు, తప్పుపట్టలేం. మూడో అంతస్తు నుంచి తొంభై కిలోల మనిషిని మెట్ల మీదుగా దింపీ దింపీ నడుము పోగొట్టుకున్నవాళ్లూ ఉంటారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టుని గుర్తింపు ఉన్న వృత్తిగా చేర్చింది. అందుకని చేరే కోర్సు ఆ చట్టం కింది రిజిస్ట్రేషన్‌కి పనికొస్తుందో లేదో ఫీజు కట్టకముందే అడగండి.

ప్రశ్న: బండి ఆసుపత్రిలో దింపేసి వెంటనే తిరిగి రావచ్చు కదా? గేటు దగ్గర వరసగా నిలబడి ఉంటాయి, సిబ్బంది టీ తాగుతూ కనిపిస్తారు. (దుకాణదారు, కోఠి)

ఈ నెల వచ్చినవాటిలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. టీ సంగతి తర్వాత చూద్దాం. ముందు బండి వెనక తలుపు తీసి చూడండి, స్ట్రెచర్ ఉండదు.

రోగిని క్యాజువాలిటీలోకి తీసుకెళ్లాక ఆసుపత్రి మంచం మీదికి మార్చాలి. మంచమో ట్రాలీయో ఖాళీ లేకపోతే రోగి అంబులెన్సు స్ట్రెచర్ మీదే ఉంటారు. ఆక్సిజన్ కూడా అంబులెన్సు సిలిండర్‌దే నడుస్తుంటుంది. ఈఎంటీ పక్కనే నిలబడాలి. రోడ్డు ప్రమాదమైతే మెడికో లీగల్ కేసు, పోలీసు ఔట్‌పోస్టుకి సమాచారం, కాగితాలు. డ్యూటీ డాక్టరు సంతకం పడేవరకూ కేసు ముగియదు. ఆ తర్వాత రక్తం పడిన చోట 1 శాతం హైపోక్లోరైట్ పోసి కనీసం పది నిమిషాలు ఉంచి తుడవాలి, దుప్పటి మార్చాలి, సిలిండర్ చూసుకోవాలి. ఈ పనంతా అయ్యాకే కంట్రోల్ రూమ్ తెర మీద ఆ బండి ‘ఖాళీ’ అని కనిపిస్తుంది. ఆ టీ కూడా స్ట్రెచర్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు తాగేదే.

ఒక షిఫ్టులో 5 కేసులు, కేసుకి 80 నిమిషాలు అనుకోండి. 720 నిమిషాల్లో 400, అంటే దాదాపు 56 శాతం సమయం బండి పనిలో ఉంది. ఆసుపత్రిలో ఒక్కో కేసుకి 20 నిమిషాలు అదనంగా పోతే 500 నిమిషాలు, 69 శాతం. ‘ఇంకా 31 శాతం ఖాళీయే కదా’ అనిపిస్తుంది. కిటుకు ఇక్కడే ఉంది. మీ చుట్టుపక్కల మూడు బండ్లున్నాయనుకోండి. ఒక్కోటి 30 శాతం సమయం పనిలో ఉంటే, మీరు ఫోన్ చేసేసరికి మూడూ బయటే ఉండే అవకాశం ఉజ్జాయింపుగా 3 శాతం. 50 శాతమైతే 12. 70 శాతమైతే 34, మూడు ఫోన్లలో ఒకదానికి ‘దగ్గర్లో ఖాళీ లేదు’ అన్న మాటే. పని రెండింతలు కాస్త దాటితే, దొరకని అవకాశం పదింతలు దాటింది. సాయంత్రం రద్దీలో కేసులు గుంపుగా వస్తాయి కాబట్టి ఆ వేళల్లో ఇంతకంటే అధ్వానంగా ఉంటుంది.

దీనికి తోడు రెఫరల్ కేసులు, అంటే చిన్నాసుపత్రి నుంచి పెద్దాసుపత్రికి పంపేవి. మహబూబ్‌నగర్ నుంచి నగరానికి దాదాపు వంద కిలోమీటర్లు. ఒక రోగిని తెచ్చి దింపి తిరిగి బేస్‌కి చేరేసరికి ఐదు గంటలు సులువుగా పోతాయి. ఆ ఐదు గంటలూ అక్కడి మండలానికి పక్క మండలం బండే దిక్కు. కొత్త బండి కొనడం కంటే, పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో పది ట్రాలీలు, వాటిని తోసే వార్డుబాయ్‌లు నలుగురు ఉంటే చౌకలో పనవుతుందని మేం అనేది అందుకే. వాటికి జెండా ఊపడం కుదరదు, అదొక ఇబ్బంది.

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది. అక్కడ ఏడు నిమిషాల్లో వస్తుందట. మనకెందుకు రాదు? (విశ్రాంత ఉపాధ్యాయిని, వనస్థలిపురం)

ఆ ఏడు నిమిషాలు అందరికీ కాదండీ. ఇంగ్లండ్‌లో కాల్స్‌ని నాలుగు తరగతులుగా విడదీస్తారు. ఊపిరి, గుండె ఆగిపోవడం లాంటి మొదటి తరగతికి సగటున 7 నిమిషాలు లక్ష్యం. పక్షవాతం, చాలా రకాల గుండెనొప్పులు రెండో తరగతిలోకి వస్తాయి, అక్కడ 18 నిమిషాలు. అవి లక్ష్యాలే, అందుకోలేని నెలలు చాలా ఉన్నాయి. కారణం కూడా పై జవాబులో చెప్పిందే, ఆసుపత్రి గుమ్మంలో బండ్లు ఇరుక్కుపోవడం. రోగిని అప్పగించడానికి అక్కడి ప్రమాణం 15 నిమిషాలు. ఆ పరిస్థితి చూసి 2023లో లండన్ అంబులెన్స్ సర్వీస్ ఒక నిబంధన పెట్టింది. 45 నిమిషాలు దాటితే, వదలడం ప్రమాదం కాదనుకున్న రోగిని ఆసుపత్రికి అప్పగించి సిబ్బంది తర్వాతి కేసుకి వెళ్లిపోవచ్చు. మనం అక్కడి నుంచి తెచ్చుకోదగినవి తరగతుల విభజన, అప్పగింతకి గడువు.

ప్రశ్న: ప్రైవేటు అంబులెన్సులో ఆక్సిజన్ ఉందంటారు, దారిలో అయిపోతే? (ఖమ్మం)

ఎక్కేముందు గేజీ చూడండి. మామూలుగా బండిలో ఉండే బి-టైపు సిలిండర్ పది లీటర్లది. గేజీ మీద బార్‌లలో ఉన్న అంకెని 10తో గుణిస్తే లోపలున్న ఆక్సిజన్ లీటర్లలో వస్తుంది. నిండుగా ఉంటే 150, అంటే 1,500 లీటర్లు. గేజీ 60 చూపిస్తోందనుకోండి, అడుగున 10 వదిలేస్తే 500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే 50 నిమిషాలు. ఖమ్మం నుంచి హైదరాబాద్‌కి అది ఏమాత్రం చాలదు. రెండో సిలిండర్ ఉందా, దాన్ని తిప్పే తాళంచెవి బండిలోనే ఉందా అని కూడా అడగండి. సిలిండర్ ఉండీ తాళంచెవి లేకపోతే లేనట్టే.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ సంఘం తరఫున మేం చేయగలిగింది ఏమైనా ఉందా? (కార్యదర్శి, కూకట్‌పల్లి)

ముందు మీ లిఫ్టు కొలవండి. ఆరుగురు పట్టే లిఫ్టు లోపల సుమారు 110 సెంటీమీటర్ల వెడల్పు, 100 సెంటీమీటర్ల లోతు ఉంటుంది. స్ట్రెచర్ పొడవు దాదాపు 190. పట్టదు. స్పృహలో ఉండి కూర్చోగలిగినవారిని చక్రాల కుర్చీలో దింపవచ్చు కాబట్టి సంఘం తరఫున ఒకటి కొని సెక్యూరిటీ గదిలో పెట్టండి, ఆరునెలలకోసారి టైర్లలో గాలి చూడండి. కూర్చోలేనివాళ్లని మెట్ల మీదుగానే దింపాలి, అప్పుడు బండిలో వచ్చిన ఇద్దరూ చాలరు. పిలిస్తే వచ్చే నలుగురి నంబర్లు వాచ్‌మన్ దగ్గర రాసిపెట్టండి. మెట్ల మలుపుల్లో సైకిళ్లు, చెప్పుల స్టాండ్లు, పూలకుండీలు తీయించండి, స్ట్రెచర్ తిరగనిది అక్కడే.

బండి వస్తోందని తెలియగానే ఒకరు లిఫ్టుని కింది అంతస్తులో తలుపు తెరిచి పట్టుకోవాలి, ఇంకొకరు మెయిన్ రోడ్డు మలుపు దాకా వెళ్లి నిలబడాలి. రాత్రయితే సెల్‌ఫోన్ టార్చి వెలిగించి చెయ్యి ఊపాలి. గేటు దగ్గర విజిటర్ రిజిస్టర్లో సంతకం అడగొద్దని సెక్యూరిటీకి ఇప్పుడే చెప్పండి. అడిగేవాళ్లున్నారు.