8 నెలల్ని 2 ఏళ్లు చేయాలా?

తమ్ముడూ, రేణిగుంటలో చేసింది 8 నెలలే, శ్రీసిటీ ఉద్యోగానికి పంపే రెజ్యూమేలో 2 ఏళ్లని రాయొచ్చా అని అడిగావు. వద్దబ్బా. పీఎఫ్ కట్ అయ్యుంటే 12 అంకెల యూఏఎన్ (నీ పీఎఫ్ నంబరు) కింద సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ కనిపిస్తాయి. చాలా కంపెనీలు అదే అడుగుతాయి. నేనూ ఒకసారి 'ఎక్సెల్‌లో నిపుణుణ్ణి' అని రాసి, ఇంటర్వ్యూలో వీలుకప్ (పట్టికలోంచి కావలసిన విలువ వెతికి తెచ్చే ఫార్ములా) చేసి చూపమంటే నీళ్లు నమిలినా. తిరుపతి నుంచి పోయిన బస్సు ఛార్జీ దండగ.

8 నెలలే రాయి, కానీ చేసిన పని విడమరిచి రాయి: రోజుకు ఎన్ని బిల్లులు ఎక్కించావు, టాలీలో జీఎస్టీ ఎంట్రీలు నువ్వే వేశావా, స్టాక్ లెక్క ఎవరు చూశారు. 'టీమ్‌ను నడిపించాను' తీసెయ్. కొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పించానని రాస్తే చాలు. మధ్యలో ఖాళీ నెలల గురించి అడిగితే, అమ్మకు బాగాలేక చిత్తూరులో ఉన్నానని చెప్పు. నువ్వు నాకు రాసిన నిజమే కదా అది.