క్రూసేడర్ కింగ్స్ 3 మాడ్: వాక్యాల బదులు కీ పేర్లు కనిపిస్తుంటే

క్రూసేడర్ కింగ్స్ 3 గేమ్‌కు మీరు చేసిన మాడ్‌లో (గేమ్‌ను మార్చే అదనపు ఫైళ్లు) ఈవెంట్ సరిగ్గానే వస్తోంది, శీర్షిక, వివరణ ఉండాల్సిన చోట మాత్రం కీ పేర్లే (స్క్రిప్టులో వాక్యాలకు పెట్టుకునే గుర్తింపు పేర్లు) కనిపిస్తున్నాయన్నారు. స్క్రిప్టు జోలికి వెళ్లకండి, లోపం లోకలైజేషన్ ఫైల్లో, అంటే ఒక్కో కీకి చూపాల్సిన వాక్యం రాసే ఫైల్లో ఉంది.

ఒక్క వాక్యం కూడా రాకపోతే ముందు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో భద్రపరిచే పద్ధతి) చూడండి. మామూలు యూటీఎఫ్-8 చాలదు, బామ్‌తో కూడిన యూటీఎఫ్-8 కావాలి. బామ్ అంటే ఫైల్ మొదట్లో కంటికి కనిపించని 3 బైట్ల గుర్తు. వీఎస్ కోడ్ ఎడిటర్ దాన్ని తనంతట తాను పెట్టదు. కింద కుడివైపు ఎన్‌కోడింగ్ పేరు మీద నొక్కి, ‘సేవ్ విత్ ఎన్‌కోడింగ్’లో బామ్ ఉన్నదాన్ని ఎంచుకోండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

తర్వాత ఫైల్ పేరు. చివర అండర్‌స్కోర్, చిన్న ఎల్, అండర్‌స్కోర్, ఇంగ్లిష్, ఆపైన వైఎమ్‌ఎల్ ఎక్స్‌టెన్షన్ రావాలి. ఆ ఎల్ దగ్గర 1 అంకె పడితే కంటికి తేడా తెలియదు, గేమ్ మాత్రం ఫైల్‌ను చదవదు. ఈ ఫైల్ ఉండే ‘లోకలైజేషన్’ ఫోల్డర్ పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో జెడ్ ఉండాలి. యూరోపా యూనివర్సాలిస్ 4 అనే మరో గేమ్ మాడ్ నుంచి కాపీ చేసుంటే అక్కడ జెడ్ బదులు ఎస్ ఉంటుంది.

కొన్ని వాక్యాలే రాకపోతే కీ స్పెల్లింగ్ తేడా అన్నమాట. మూల గేమ్ వాక్యాన్నే మార్చాలనుకుంటే ఆ ఫైల్‌ను రీప్లేస్ అనే సబ్‌ఫోల్డర్‌లో పెట్టండి.

మార్చాక గేమ్ మూసి మళ్లీ తెరవండి. అప్పటికీ రాకపోతే లాగ్స్ ఫోల్డర్‌లోని ఎర్రర్ లాగ్‌లో మీ కీ పేరు వెతికి, దొరికిన లైన్లు ఇక్కడ పెట్టండి, చూస్తాను.