కార్జపు జలగలు ఏ దేశం నుంచి ఏ దేశానికి పాకాయో జన్యువులతో ఎలా తెలుస్తుంది?

కార్జపు జలగలంటే (లివర్ ఫ్లూక్) పశువుల కార్జంలో బతికే చదునైన పరాన్నజీవి పురుగులు. వేర్వేరు ప్రాంతాల పశువుల కార్జాల నుంచి తీసిన ఈ జలగల డీఎన్‌ఏను పోల్చి, ఎక్కడి జలగలు ఎక్కడివాటికి దగ్గరి చుట్టాలో చూసి తెలుసుకుంటారు. ఎక్కువగా పరీక్షించేది మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) డీఎన్‌ఏను. అది అండం ద్వారానే తరువాతి తరానికి అందుతుంది, తరాలు గడిచేకొద్దీ చిన్నచిన్న మార్పులను పోగేసుకుంటుంది. జలగలు చాలాకాలంగా ఉన్నచోట సాధారణంగా వైవిధ్యం ఎక్కువ. ఈమధ్య కొద్దిపాటి జలగలతో మొదలైన చోట తక్కువ.

బొలీవియాలో సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్టిప్లానో పీఠభూమినే చూడండి. అక్కడి ఫాసియోలా హెపాటికా జలగల్లో జన్యు తేడాలు చాలా తక్కువ. ఉన్న రకాలు ఐరోపా జలగలతో కలుస్తాయి. స్పెయిన్ వలసదారుల గొర్రెలు, పశువులతోనే అవి అక్కడికి చేరాయని దీన్నిబట్టి అర్థమవుతుంది. ముచ్చటేమిటంటే, వాటి పిల్లలు పెరిగే గాల్బా ట్రంకాటులా నత్త కూడా ఐరోపా నుంచి వచ్చిందే.

ఈ జలగల వల్ల వచ్చే జబ్బు పశువు నుంచి పశువుకు నేరుగా అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పేడలోని గుడ్లు నీటిలో పొదిగి, పిల్లలు నత్తలో పెరిగి, బయటికొచ్చి గడ్డికి అతుక్కుంటాయి. ఎక్కువగా ఆ గడ్డి మేయడం వల్లే జబ్బు వస్తుంది. తగిన నత్త లేని చోటికి జబ్బు పశువును తోలుకెళ్లినా వ్యాప్తి అక్కడితో ఆగిపోతుంది.